ఒంగోలు ఆదివారం బ్యాచి: భాషాశాస్త్రం క్లాసులకు నాలుగు స్టార్లు

జేఎల్ (జూనియర్ లెక్చరర్), నెట్ పరీక్షల్లో తెలుగుకి చదివేవాళ్లలో చాలామంది భాషాశాస్త్రం అనగానే పక్కన పెట్టేస్తారు. నేను కందుకూరు నుంచి బస్సెక్కి పోయింది దానికోసమే. కోచింగు పేరు రాయడంలేదు, కింద కాస్త తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

సారు పాఠం మాత్రం గట్టిది. బోర్డు మీద ఒకపక్క తమిళం ‘ఇరండు’, ‘ఉరల్’, ఇంకోపక్క మన ‘రెండు’, ‘రోలు’ రాసి ఊరుకున్నారు. ముందున్న అచ్చు వెనక్కిపోయి ‘ర’ మొదటికొచ్చిందని మా అంతట మేం పట్టుకునేదాకా నోరు విప్పలేదు. ‘‘అయితే తెలుగు తమిళంలోంచి వచ్చిందా సార్?’’ అని వెనక బెంచీ అబ్బాయి. ‘‘కాదు నాయనా, రెంటికీ మూలం ఒకటే. ఈ మార్పు మనవైపు జరిగింది, వాళ్లవైపు జరగలేదు, అంతే.’’

అక్కణ్ణించి అసలు తగువులోకి దించారు. మాటల్లో ధ్వనులు మారే సూత్రానికి మినహాయింపే లేదని 1870ల్లో జర్మనీలోని లైప్‌జిగ్ పండితుల వాదం. మారితే ఆ పరిస్థితి ఉన్న మాటలన్నీ మారాల్సిందే. మరి తెలుగుకు చుట్టాలైన గోండి, కొండ, కువి భాషల్లో ఈ మార్పే కొన్ని మాటలకు తగిలి, కొన్నింటికి తగల్లేదేం? మార్పు ఒక మాట తర్వాత ఒక మాటకు పాకుతుందని 1978లో ఆ భాషల ఆధారాలతోనే చూపించారు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు. ఆయన 1928లో పుట్టింది ఒంగోల్లోనే. క్లాసులో ఒంగోలు వాళ్లే నోరెళ్లబెట్టారు!

ఇక నోట్సు. శకటరేఫం (బండి ఱ) మామూలు రేఫలో (ర) కలిసిపోయిన పాఠంలో, డీటీపీ పుణ్యమా అని, రెండుచోట్లా ‘ర’నే పడింది. ‘‘ర, ర వేరువేరు ధ్వనులు’’ అని అచ్చులో ఉంటే ఏం చదువుకోవాలి? పెన్నుతో బండి ఱలు దిద్దుకున్నాం.

సమాజాన్ని బట్టి భాష ఎలా మారుతుందో చూసిన అమెరికా పండితుడు లబోవ్‌ని అర పేజీలో తేల్చేయడం ఇంకో లోటు. అమెరికాలోని మార్తాస్ విన్‌యార్డ్ దీవిలో, వేసవికి వచ్చిపడే బయటివాళ్లకు ఎదురుగా, ఇది మా ఊరు అనుకునేవాళ్లే పాత ఉచ్చారణను ఇంకా గట్టిగా పట్టుకున్నారని ఆయన 1963లో చూపించాడు. దీనికి మన ఉదాహరణలు కొల్లలు. హైదరాబాదు ఆఫీసులో ‘వస్తున్నాను’ అనే మా తమ్ముడు బస్సు దిగి అమ్మకు ఫోన్ చేస్తే ‘వస్తన్నా మా’. ఎందుకలా అని ఒక గంట మాట్లాడించి ఉంటే అయిదో స్టారు ఇచ్చేదాన్ని.

క్లాసు మేడమీద. ఎండాకాలం ఫ్యాను కింది బెంచీ కావాలంటే తొమ్మిదికల్లా వెళ్లండి. నోట్సు కొనకండి, సారు బోర్డు మీద రాసింది ఎక్కించుకుంటే చాలు.