నాలుగు చానెళ్ల ఆంపా, సీటు కింద సబ్ ఊఫరా?

కారు స్టీరియో డబ్బా మీద 50×4 వాట్లు అని గొప్పగా రాసి ఉంటుంది. నిలకడగా ఇచ్చేది మాత్రం ఒక్కో స్పీకరుకు 15-20 వాట్లే. తిరుమల ఘాట్‌లో అద్దాలు దించి అన్నమయ్య కీర్తన పెట్టండి, తెలిసిపోతుంది. సౌండు పెంచేకొద్దీ మృదంగం పగిలినట్టు, గొంతు గీరుకుపోయినట్టు ఉంటుంది.

దీనికి దారులు రెండు: నాలుగు స్పీకర్లకూ విడివిడిగా పవర్ ఇచ్చే నాలుగు చానెళ్ల ఆంప్ (ఆంప్లిఫయర్), లేదా బేస్ కోసమే ఉండే స్పీకరు, అంటే సబ్ ఊఫర్. సొంత ఆంప్ లోపలే ఉన్న సబ్ ఊఫర్ సీటు కింద పట్టేస్తుంది, డిక్కీ ఖాళీగానే ఉంటుంది. సామాన్లతో, పిల్లలతో చిత్తూరుకూ తిరుపతికీ తిరిగేవాళ్లకు అదేం చిన్న విషయం కాదు. కానీ అది ఇచ్చేది బేస్ ఒక్కటే. స్టీరియోలో హైపాస్ (బేస్‌ను డోరు స్పీకర్లకు పోనివ్వని సెట్టింగ్) పెడితే వాటికి కాస్త భారం తగ్గుతుంది, అంతే.

నాకు పాటలో మాట వినపడాలి. అందుకే డోరు స్పీకర్లకు నాలుగు చానెళ్ల ఆంప్ పెట్టించాను, అదీ కరెంటును వేడిగా తక్కువ వృథా చేసే క్లాస్ డి రకం. మే నెల తిరుపతి ఎండలో డిక్కీ తీస్తే పొయ్యి ముందు నిల్చున్నట్టే కదా, ఇది కాస్త తక్కువ వేడెక్కుతుంది.

పని మాత్రం ఎక్కువే. బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగాలి, బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు వేయాలి. మొదటిసారి బిగించిన కుర్రాడు ఎర్త్ వైరును పెయింటు మీదే బిగించేశాడు. ఆక్సిలరేటర్ తొక్కితే చాలు, స్పీకర్లలో కుయ్‌మని కూత! బోల్టు విప్పి, ఎమరీ పేపర్‌తో రేకు మెరిసేదాకా గీకి మళ్లీ బిగించాక గానీ అది ఆగలేదు.

కంపెనీ స్పీకర్లే ఉంచుకునేటట్టయితే సబ్ ఊఫరే నయం. ఆ పల్చటి కాగితం కోన్లు ఆంప్ దెబ్బకు ఎక్కువ కాలం ఆగవు.