పరువు నోటీసు ప్యాకేజీ: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

పూతరేకుల షాపుకైనా, రొయ్యల మేత డీలరుకైనా, లాడ్జికైనా ఆన్‌లైన్‌లో పరువు కాపాడతామనే ఏజెన్సీలు చెప్పే మాట ఒకటే: "మీ మీద సైటు పెట్టి తిడుతున్నారా? దింపించేస్తాం." ప్యాకేజీలో లాయరు నోటీసు, గూగుల్‌కి ఫిర్యాదు, డొమైన్ (సైటు పేరు) కేసు, ఫైవ్‌స్టార్ రివ్యూలు కలిపి కడతారు. గంపగుత్తగా కొనొద్దు.

డబ్బు పెట్టదగ్గది నోటీసు ఒక్కటే, అదీ సరిగ్గా రాస్తే. "మా పరువు పోయింది, తక్షణం తొలగించండి" అన్న నోటీసు చిత్తు కాగితం. ఏ పేజీలో ఏ వాక్యం అబద్ధం, దానికి మీ రుజువేమిటి అన్నది అందులో ఉండాలి. "నెయ్యి బదులు డాల్డా వాడతారు" అంటే తేల్చదగ్గ ఆరోపణ. ల్యాబు రిపోర్టు, నెయ్యి బిల్లులు జతచేయొచ్చు. "రుచి లేదు, ధర దోపిడీ" అంటే అభిప్రాయం. దానికి నోటీసిస్తే, ఆ నోటీసునే సైటు మొదటి పేజీలో పెడతారు.

నోటీసు కంటే ముందు సాక్ష్యం. అందుకున్నవాడు చేసే మొదటి పని పేజీ మార్చేయడం. లింకు, తేదీ, సమయం కనిపించేలా పేజీ మొత్తం భద్రం చేసి, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే అంకెల గుర్తు) భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ సిద్ధం చేసుకోవాలి. అందులో ఒక భాగం మీది, రెండోది నిపుణుడిది. వాట్సాప్‌లో ఫోటోగా పంపుకున్న స్క్రీన్‌షాట్ కుదించుకుపోతుంది, హాష్ మారిపోతుంది. చాలా ఏజెన్సీలకి ఈ సంగతే పట్టదు. నష్టపరిహారం దావాకి గడువు ప్రచురణ నుంచి ఏడాదే. "చూద్దామండీ" అంటూ వాళ్లు నెలలు లాగితే పోయేది మీ హక్కు.

"గూగుల్‌లో మనవాళ్లున్నారు" అంటే లేచి వచ్చేయండి. సుప్రీంకోర్టు 2015 శ్రేయా సింఘాల్ తీర్పు ప్రకారం, గూగుల్ లాంటి సంస్థకి తీసేయక తప్పని పరిస్థితి రావాలంటే కోర్టు ఉత్తర్వో ప్రభుత్వ ఆదేశమో కావాలి. కొందరు విమర్శకుడి రాతనే పాత తేదీతో వేరేచోట పెట్టి, కాపీరైట్ మాదని ఫిర్యాదు చేస్తారు. గూగుల్ అలాంటి ఫిర్యాదుల ప్రతులను ల్యూమెన్ అనే బహిరంగ భండారానికి పంపుతుంది. దొంగ ఫిర్యాదు అక్కడే దొరికిపోతుంది.

"స్టేషన్ నుంచి ఫోన్ చేయిస్తాం" అన్నదీ అంతే. పరువు నష్టానికి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 356 కింద రెండేళ్ల వరకు శిక్ష ఉన్నా, ఫిర్యాదు మీరే మేజిస్ట్రేట్ ముందు వేయాలి. మధ్యంతర స్టే కూడా తేలిగ్గా రాదు: టాటాల ఓడరేవు తాబేళ్లకు ముప్పంటూ ఆన్‌లైన్ ఆట పెట్టిన పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ మీద టాటాలు అడిగినా 2011లో ఢిల్లీ హైకోర్టు ఇవ్వలేదు.

డొమైన్ కేసు అందరికీ కాదు. సైటు పేర్ల తగాదా తేల్చే పద్ధతి డాట్ ఇన్ అయితే ఐఎన్‌డీఆర్‌పీ, డాట్ కామ్ అయితే యూడీఆర్‌పీ; రెండోది వైపో (ప్రపంచ మేధోసంపత్తి సంస్థ) దగ్గర వేస్తే, తీర్పు చెప్పే ప్యానెలిస్టు ఒక్కరైతే ఫీజు 1,500 డాలర్లు. మీ ట్రేడ్‌మార్కునే అచ్చంగా పేరుగా పెట్టుకుంటే బలం ఉంటుంది. పేరు పక్కన "మోసం" చేర్చి నిజంగానే విమర్శిస్తుంటే గెలుపు కష్టం. గెలిచినా మీకొచ్చేది పేరే. ఆ రాత ఇంకో పేరుతో మళ్లీ తేలొచ్చు.

కొన్న ఫైవ్‌స్టార్లు ముట్టుకోవద్దు. భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో తెచ్చిన ఆన్‌లైన్ రివ్యూల ప్రమాణం ఐఎస్ 19000 వాటిని ఒప్పుకోదు. రేపు కోర్టులో ఎదుటి లాయరు మొదట చూపించేది కూడా వాటినే.

అసలు ఏజెన్సీ మధ్యలో ఎందుకు? న్యాయవాది తన ఫీజును న్యాయవాది కానివారితో పంచుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. వకాలత్ నేరుగా లాయరుకే ఇవ్వండి, రసీదూ ఆయన దగ్గరే తీసుకోండి.