నెల్లూరులో కతోలిక సిస్టర్లు నడిపే ఈ బడి గురించి ఒక తాతయ్య అభిప్రాయం

మా మనవరాలు ఆరో తరగతిలో ఇక్కడ చేరి, ఈ ఏడాది పదో తరగతి ముగించుకుని బయటికి వచ్చింది. సంరక్షకుడిగా సంతకాలు పెట్టింది, సమావేశాలకు వెళ్లింది నేనే. నేను ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఇల్లు కోవూరులో. చదువు, మార్కుల విషయం చాలామంది రాసే ఉంటారు, నాకూ అందులో లోటు కనిపించలేదు. ప్రార్థన గురించి, సేవ గురించి రాస్తాను. మా వీధిలోవాళ్లు నన్ను అడిగేది ఆ రెండింటి గురించే.

మేం తల్పగిరి రంగనాథస్వామిని కొలిచేవాళ్లం. చేర్పించేటప్పుడే ఒక కాగితం ఇచ్చారు. అమ్మాయిని దివ్యబలిపూజకు (చర్చిలో ఫాదర్ జరిపే ఆరాధనకు), సత్యోపదేశం తరగతికి (క్రైస్తవ మతబోధకు) పంపుతారా, లేదా అని అందులో ఉంది. పంపనని రాశాను. ప్రధానోపాధ్యాయురాలైన సిస్టర్ కాగితం తీసుకున్నారు, ఎందుకని అడగలేదు. ఇది వాళ్లు చూపే దయ కాదు, చట్టమే అలా ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకూ ఆరాధనకూ కూర్చోబెట్టకూడదనీ, పిల్లలైతే సంరక్షకుల సమ్మతి కావాలనీ రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. చట్టం ఉన్నంత మాత్రాన అందరూ పాటిస్తారని లేదు. వీళ్లు చివరిదాకా పాటించారు.

ప్రతి నెలా తొలి శుక్రవారం కతోలిక పిల్లలు ఆవరణలోని చర్చికి పూజకు వెళతారు. ఆ గంటలో మిగతావాళ్లకు నీతిబోధ తరగతి. అక్టోబరులో సాయంత్రం జపమాల చెప్పుకుంటారు, ఇష్టమున్నవాళ్లే ఉంటారు. మా అమ్మాయి బొట్టు పెట్టుకునే వెళ్లింది, ఎవరూ తుడవమనలేదు. తలలో పూలు మాత్రం ఎవరికీ ఒప్పుకోరు, అది యూనిఫారం నియమం. కనకాంబరాల కోసం మొదట్లో అలిగింది. ఒకసారి తల్లిదండ్రుల సమావేశంలో ఫాదర్ ఒక సంగతి చెప్పారు. రెండో వాటికన్ మహాసభ, అంటే ప్రపంచంలోని కతోలిక బిషప్పుల సమావేశం, క్రైస్తవ విద్య మీద ఒక ప్రకటన, ఇతర మతాలవారితో మెలగవలసిన తీరు మీద మరో ప్రకటన ఒకే రోజు, 1965 అక్టోబరు 28న వెలువరించిందట. తమ బడికి ఆ రెండూ కావాలని ఆయన అన్నారు. ఆ మాటను నేను నమ్మాను.

ఇక సేవ. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ రాయాలి.

పూజకు రావాలా వద్దా అన్నది మన ఇష్టం. సేవకు మాత్రం ఎనిమిదో తరగతి నుంచి అందరూ వెళ్లాల్సిందే. శనివారం మధ్యాహ్నం కొందరు వృద్ధాశ్రమానికి, కొందరు గిరిజన కాలనీలో చిన్నపిల్లలకు ఎక్కాలు, చదవడం నేర్పడానికి వెళతారు. మా అమ్మాయికి వృద్ధాశ్రమం వచ్చింది. అక్కడ సిస్టర్ పెట్టిన నియమాలు నాకు చాలా నచ్చాయి. ఏడాదంతా ఒక పిల్లకు ఒకే అవ్వ లేదా తాత. ఫోటోలు తీయకూడదు. వెళ్లగానే పేరు పెట్టి పలకరించాలి. గోళ్లు కత్తిరించడం, తల దువ్వడం, పేపరు చదివి వినిపించడం, పింఛను కాగితాలు సర్దిపెట్టడం, ఇవీ పనులు. తిరిగి వచ్చాక సేవ పుస్తకంలో రాయాలి. ఏం చేశామో రాస్తే చాలదు, ఆ అవ్వ ఏం చెప్పిందో రాయాలి. మా అమ్మాయి మొదటి నెలల్లో రెండు వాక్యాలు రాసి ఊరుకునేది. సిస్టర్ ఎర్రసిరాతో ‘ఆమె ఊరేది? ఎంతమంది పిల్లలు? ఏం తినాలని ఉందట?’ అని రాసి పంపేవారు. ఆ ప్రశ్నలకు జవాబు కావాలంటే పక్కన కూర్చుని వినక తప్పదు.

సోమవారం అసెంబ్లీలో ఈ పుస్తకాలకు పని పడుతుంది. ఒక విద్యార్థి తన మాటల్లో ప్రార్థన చేస్తాడు. ‘లోకంలోని రోగులందరి కోసం’ అని చెప్పి ముగించడానికి వీల్లేదు. మోకాలి నొప్పితో నిద్రపట్టని ఫలానా అవ్వ కోసం, కొడుకు ఫోను కోసం ఎదురుచూసే ఫలానా తాత కోసం అని చెప్పాలి. తరువాత ఒక నిమిషం మౌనం. ఆ నిమిషంలో ఎవరి దేవుణ్ణి వారు తలచుకుంటారు. ఆకలిగొన్నవారికి, రోగులకు, చెరసాలలో ఉన్నవారికి చేసింది తనకు చేసినట్టేనని క్రీస్తు చెప్పే మత్తయి సువార్త 25వ అధ్యాయం బడిలోని సేవ గది గోడ మీద రాసి ఉంది. గోడ మీద మంచి మాటలు చాలా బళ్లలో ఉంటాయి. ఇక్కడ ఆ గోడ ముందు నిలబడి పిల్లలు గోళ్లు కత్తిరించే సామాను సంచిలో సర్దుకుంటారు.

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలం నలభై రోజులూ పిడికెడు బియ్యం పథకం నడుస్తుంది. పిల్లలు రోజూ ఇంటి నుంచి పిడికెడు తెచ్చి డ్రమ్ములో పోస్తారు. మతంతో పని లేదు, ఇష్టమైనవాళ్లు తెస్తారు. పండగకు ముందు ఆ బియ్యం కాలనీకి చేరుతుంది. రొట్టెల పండగ రోజుల్లో పెద్ద తరగతుల పిల్లలు స్వర్ణాల చెరువు దగ్గర మంచినీళ్లు అందిస్తారు.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు వీళ్లను దగ్గరగా చూశాను. పడుగుపాడు దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిన రోజులవి. బడిలో తరగతి గదులు తెరిచి కుటుంబాలకు చోటిచ్చారు. పంపకానికి ముందు సిస్టర్లు ఒక్కొక్క గదికీ వెళ్లి చంటిపిల్లలెందరు, మందులు వాడే ముసలివాళ్లెందరు అని రాసుకున్నారు. పెద్ద వరదలో అలా అడిగి రాసుకునే మనిషి దొరకడం ఎంత అరుదో ఆ రోజుల్లో తిరిగినవాళ్లకు తెలుసు.

లోపాలూ చెప్పాలి. శనివారం పిల్లలు ఎన్నింటికి తిరిగి వస్తారో ముందుగా చెప్పరు. దూరం నుంచి వచ్చే ఆడపిల్లలకు చీకటి పడేది. సేవకు బడి బస్సు ఉండాలని సమావేశంలో చాలాసార్లు అడిగాను, చేయలేదు. ఇంతకంటే నన్ను బాధపెట్టింది మరొకటి. పదో తరగతి పిల్లలకు దసరా తరువాత పరీక్షల పేరుతో సేవ ఆపేస్తారు. మా అమ్మాయి అవ్వ ‘నా పిల్ల ఎందుకు రావడం లేదు’ అని మిగతా పిల్లల్ని అడుగుతూ ఉండిందట. ఏడాదంతా ఒకే మనిషి అన్న నియమం పెట్టి, మధ్యలో తెంచడం సరికాదు. వారానికి ఒక గంట వల్ల ఎవరికీ మార్కులు తగ్గవు. ఆ విషయం సిస్టర్‌కు ఉత్తరం రాసి ఇచ్చాను. ఆ తరువాత ఆదివారాలు నేనే అమ్మాయిని తీసుకెళ్లాను, ఇప్పటికీ వెళుతున్నాం.

ఇంగ్లీషు దంచి చెప్పాలి, ఐఐటీ పునాది వేయాలి అనుకునేవారు మరో బడి చూసుకోవడం మంచిది. నెల్లూరు మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) 1928లో ఏర్పడింది, ప్రకాశం జిల్లా కూడా దాని పరిధిలోదే. అందుకే ఒంగోలు, కందుకూరు వైపు పిల్లలు కూడా హాస్టల్లో కనిపిస్తారు. ఆ సీట్లు తక్కువ కాబట్టి వేసవి సెలవులకు ముందే అడిగి ఉంచుకోండి. వెళ్లినప్పుడు ఫీజు వివరాలతో పాటు ఎవరిదైనా పాత సేవ పుస్తకం చూపించమని సిస్టర్‌ను అడగండి. అవ్వల పేర్లు కనబడకుండా అట్ట పెట్టి, కొన్ని పేజీలు చూపిస్తారు.