బ్లాక్ సైజు ఫైల్‌కి రాయాలా, వాల్యూమ్‌కి రాయాలా?

ఫైళ్లను ముక్కలుగా (బ్లాకులుగా) దాచే స్టోరేజ్ సిస్టమ్‌లో ఆ ముక్క సైజును, అంటే బ్లాక్ సైజును, మార్చుకునేలా చేయడం తేలికే, పాత డేటా కూడా చదవాలి అన్నప్పుడే అసలు టెన్షన్.

హడూప్ వాడే, చాలా మెషీన్ల మీద పరుచుకున్న ఫైల్ సిస్టమ్ హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో ఆ సైజు ఒక్కో ఫైల్ వివరాలతో పాటు నేమ్‌నోడ్ (ఫైళ్ల వివరాలు చూసుకునే సర్వర్) దగ్గర ఉంటుంది. అందుకే హడూప్ 2లో డిఫాల్ట్ 64 ఎంబీ నుంచి 128కి పెరిగినా పాత ఫైళ్లకు ఏమీ కాలేదు, వాటి లెక్క వాటి దగ్గరే ఉంది కాబట్టి. కాకపోతే సైజు ఎంచుకునేది ఫైల్ రాసే ప్రోగ్రామ్ (క్లయింట్), దాంతో ఒకే క్లస్టర్‌లో రకరకాల సైజులు పోగవుతాయి, ఆ దెబ్బ డిస్ట్‌సీపీ (క్లస్టర్ల మధ్య ఫైళ్లు కాపీ చేసే టూల్) దగ్గర తెలుస్తుంది: మామూలు ఫైల్ చెక్‌సమ్ (కాపీ సరిగ్గా వచ్చిందో పోల్చి చూసే విలువ) బ్లాక్ హద్దులను బట్టి మారుతుంది, కాబట్టి అదే డేటాను వేరే సైజుతో కాపీ చేస్తే బైట్లన్నీ సరిగ్గా ఉన్నా చెక్‌సమ్‌లు కలవవు. మైనస్ పీబీ ఆప్షన్‌తో పాత సైజునే ఉంచాలి, లేదా తర్వాత వచ్చిన, బ్లాక్ హద్దులతో సంబంధం లేని కాంపోజిట్ సీఆర్‌సీ చెక్‌సమ్ వాడాలి.

ఇంకో ఫైల్ సిస్టమ్ అయిన జ్యూస్‌ఎఫ్‌ఎస్‌లో ఈ గొడవ లేదు, సైజు వాల్యూమ్ (ఒక విడి ఫైల్ సిస్టమ్) మొత్తానికీ ఒకటే. ఫార్మాట్ చేసేటప్పుడే చెప్పాలి, చెప్పకపోతే 4 ఎంబీ, తర్వాత మార్చలేం. కోడ్ హాయిగా ఉంటుంది గానీ, సైజు నప్పకపోతే కొత్త వాల్యూమ్ పెట్టి డేటా మొత్తం అందులోకి మోయాల్సిందే.

నా ఓటు ఫైల్‌వారీ పద్ధతికే. అవసరం ముందే తెలిసిన చిన్న వాల్యూమ్‌కైతే రెండోది చాలు. ఇప్పటిదాకా సైజు కోడ్‌లోనే పాతుకుపోయిన సిస్టమ్‌ని మార్చేవాళ్లు మాత్రం ఒకటి చూసుకోండి: పాత రికార్డులో ఆ ఫీల్డ్ లేకపోతే పాత స్థిర సైజే అనుకోవాలి, ఇవాళ్టి డిఫాల్ట్ కాదు, లేదంటే ఆఫ్‌సెట్ (ఫైల్‌లో ఎక్కడి నుంచి చదవాలో చెప్పే స్థానం) లెక్క తప్పి వేరే బ్లాక్‌లోకి వెళ్లి చదువుతుంది.