మూడేళ్లుగా నా సంచిలో ఉంటున్న గాజు గుండు

ఫోటోల కోసం 80 మిల్లీమీటర్ల గాజు గుండు కొని మూడేళ్లు దాటింది. నా దగ్గర కెమెరా లేదు, అన్నీ ఫోనుతో తీసినవే. ఎదురుగా ఉన్న దృశ్యం ఈ గుండులో తలకిందులుగా కనిపిస్తుంది. ఫోటోను 180 డిగ్రీలు తిప్పితే లోపలి దృశ్యం నిటారుగా నిలబడి, బయటి లోకం తలకిందులవుతుంది.

మొదట్లో పేరున్న చోట్లకే వెళ్లాను. కొండారెడ్డి బురుజు, ఓర్వకల్లు రాళ్లు, తుంగభద్ర ఒడ్డు. ఫోటోలు బాగానే వచ్చాయి కానీ అన్నీ ఒకటే: అరచేతిలో గుండు, గుండులో బురుజు. నన్ను నిలబెట్టేసిన ఫోటో మా వంటింట్లో దొరికింది. ఉగ్గాని కోసం అమ్మ చాటలో బొరుగులు పోసి ఉంచితే, వాటి మధ్య గుండును కుదురుగా పెట్టాను. కిటికీ అవతలి వేపచెట్టు అందులోకి వచ్చింది. తిప్పి చూస్తే, తెల్లని మబ్బుల్లోంచి ఒక చిన్న లోకం కిందికి దిగుతోంది, దాని నడుమ పచ్చని చెట్టు! "ఇవి మన బొరుగులేనా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. అప్పటినుంచి గుండు దొర్లకుండా ఉండటానికి బొరుగులకు మించిన ఆసరా నాకు కనిపించలేదు.

మరో మంచి ఫోటో ఉల్లిగడ్డల తోపుడు బండి మీద వచ్చింది. బండి అవ్వ గుండులోకి తొంగి చూసి, "వీధంతా ఇందులోనే ఉంది కదా నాయనా" అంటూ తానే దాన్ని ఎర్రని గడ్డల మధ్యకు జరిపింది. నేను పెట్టిన చోటుకంటే అదే బాగుంది.

వాడుకలో తెలిసినవి కొన్ని. ఫోనును గుండుకు ఆనించవద్దు, రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేయండి. గుండులోని దృశ్యం మీద తాకి ఫోకస్ పెట్టండి. మీరు నీడలో, దృశ్యం వెలుగులో ఉంటే గాజు మీద మీ ప్రతిబింబం దాదాపు పడదు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ పరిమాణపు గుండు ఎండను తన వెనుక సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలో ఒక్క చోటికి చేరుస్తుంది. వేసవిలో కిటికీ దగ్గర తువ్వాలు మీద పెట్టి మరిచిపోయాను. పొగ వాసన వచ్చి పరుగెత్తేసరికి తువ్వాలుకు నల్లని చిల్లు పడింది. మన కర్నూలు ఎండలో దీన్ని మందపాటి గుడ్డ సంచిలోంచి బయట వదిలి వెళ్లకండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

బరువు ముప్పావు కిలోకు కాస్త తక్కువ. రోజంతా భుజాన మోయడం కష్టమే. ఊళ్లు తిరిగేవారు 60 మిల్లీమీటర్లది తీసుకోవడం మేలు, అది దీనిలో సగం బరువు కూడా ఉండదు. ఇంట్లో, వీధిలో తీసేవారికి నా ఓటు పెద్దదానికే. లోపలి దృశ్యం విశాలంగా, అంచుల దాకా చదవదగినట్టు వస్తుంది.

నిరుడు అరుగు మీద నుంచి పడి ఒకవైపు చిన్న పెచ్చు ఊడింది. ఇప్పుడు ఆ వైపును కిందికి తిప్పి బొరుగుల్లో దాచి తీస్తున్నాను.