హ్యాండ్ బ్రేక్ వదులైతే ఎక్కడ బిగించాలి: లివర్ దగ్గరా, డ్రమ్ము దగ్గరా?

ఒకప్పుడు ఐదారు క్లిక్కులకే గట్టిగా పట్టిన హ్యాండ్ బ్రేక్ ఇప్పుడు పది లాగినా సరిగ్గా పట్టదు. వాలులో ఆపితే బండి మెల్లగా జారుతుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. లివర్ చుట్టూ ఉన్న కవరు ఎత్తి, లివర్ నుంచి వెనక బ్రేకులకు వెళ్లే కేబుల్ నట్టును నాలుగు చుట్లు బిగించేస్తారు. పది నిమిషాల్లో అయిపోతుంది. రెండో దారిలో వెనక చక్రాలు పైకి ఎత్తి, డ్రమ్ములో (చక్రంతో పాటు తిరిగే గుండ్రని డబ్బాలో) లైనర్లకీ (దాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపే పట్టీలకీ) డ్రమ్ముకీ మధ్య ఉన్న ఖాళీని సరిచేయాలి. దీనికి సగం పూట పడుతుంది, చేతులూ మసి అవుతాయి.

వెనక డ్రమ్ బ్రేకులున్న కార్లకు నేను రెండో దారే మేలంటాను. నట్టు జోలికి ఆఖరున మాత్రమే వెళ్లాలి.

లివర్ ఎక్కువ దూరం వస్తోందంటే కేబుల్ సాగిందనో, లైనర్లు అరిగాయనో అర్థం. కేబుల్ అంటే స్టీలు తీగల పేట. కొత్తగా వేసినప్పుడు కొంచెం సాగి కుదురుకుంటుంది, ఆ తర్వాత పెద్దగా సాగదు. లైనర్లు మాత్రం బ్రేక్ పెడల్ నొక్కిన ప్రతిసారీ కొద్దికొద్దిగా అరుగుతూనే ఉంటాయి. కాబట్టి ఏళ్లు గడిచిన బండిలో తేడా ఎక్కువగా డ్రమ్ములోనే ఉంటుంది. అది వదిలేసి కేబుల్ బిగిస్తే లివర్ పైకి బాగానే అనిపిస్తుంది, లోపలి ఖాళీ అలాగే ఉండిపోతుంది.

ఇంకో నష్టం కూడా ఉంది. చాలా డ్రమ్ బ్రేకుల్లో అరుగుదలకు తగ్గట్టు లైనర్లను దగ్గరికి జరిపే ఆటోమేటిక్ అడ్జస్టర్ ఉంటుంది. అది సరిగ్గా పనిచేయాలంటే, హ్యాండ్ బ్రేక్ దించినప్పుడు డ్రమ్ములోని చిన్న లివర్ పూర్తిగా వెనక్కి వెళ్లి తన చోట ఆనుకోవాలి. కేబుల్ అతిగా బిగిస్తే అది సగంలోనే ఆగిపోతుంది, అడ్జస్టర్ తన పని చేయలేదు. లైనర్లు ఇంకా అరుగుతాయి, మళ్లీ నట్టు బిగిస్తాం. ఇక ఆ బిగింపుకు అంతుండదు.

ఒకసారి నా బండికి నేనే ఈ పని చేసుకున్నాను. మూడు క్లిక్కులకే చక్రాలు పట్టేస్తుంటే సంతోషించాను. మర్నాడు కాస్త దూరం వెళ్లి ఆగేసరికి వెనక నుంచి మాడు వాసన. ఒక చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. లివర్ దించినా లైనర్ డ్రమ్మును రాసుకుంటూనే ఉంది. అలా నడిపితే లైనర్ మాడి గాజులా నున్నబడుతుంది, ఆ తర్వాత ఎంత లాగినా పట్టు రాదు. అప్పటినుంచి డ్రమ్ము చూడకుండా నట్టు తిప్పలేదు.

పని ఎలా చేయాలంటే, సమతలంగా ఉన్నచోట బండి ఆపి, ముందు టైర్లకు రెండు వైపులా చెక్కలు అడ్డం పెట్టాలి. హ్యాండ్ బ్రేక్ దించేస్తాం కాబట్టి ఈ చెక్కలే ఆధారం. వెనక భాగాన్ని ఎత్తి స్టాండ్ల మీద ఉంచాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు వెళ్లకూడదు. వెనక చక్రాలతో నడిచే బండి అయితే గేరు న్యూట్రల్‌లో ఉండాలి, లేకపోతే చక్రం తిరగదు.

కేబుల్ నట్టును బాగా వదులు చేయడంతో పని మొదలవుతుంది. చాలామంది దీన్నే మర్చిపోతారు. తర్వాత డ్రమ్ము వెనక ప్లేటులో రబ్బరు మూత ఉంటే, అది తీసి లోపలి పళ్ల చక్రాన్ని స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ టైరు తిరగకుండా పట్టేవరకు తేవాలి. ఆపైన, టైరు చేత్తో హాయిగా తిరిగేంతవరకు వెనక్కి వదలాలి. లీలగా రాసుకునే శబ్దం వస్తే తప్పు లేదు. వెనక్కి తిప్పేటప్పుడు అడ్డుపడే చిన్న పట్టీని ఇంకో స్క్రూడ్రైవర్‌తో పక్కకు నెట్టి పట్టుకోవాలి. రంధ్రం లేని డ్రమ్ములను ఊడదీసి అడ్జస్టర్‌ను చేత్తోనే సరిచేయాలి. ఎలాగూ తీశాం కాబట్టి లైనర్ మందం, లైనర్లను నెట్టే చిన్న సిలిండర్ దగ్గర బ్రేక్ ఆయిల్ తడి కూడా చూసుకోవచ్చు. ఆయిల్ తగిలిన లైనర్‌కు ఏ బిగింపూ పనిచేయదు. లీకు ఆపి, రెండు వైపులా లైనర్లు మార్చాలి. లోపలి దుమ్మును మాత్రం గాలితో ఊదకండి, పీల్చడం మంచిది కాదు. తడి గుడ్డతో తుడవండి.

డ్రమ్ములు బిగించాక పెడల్‌ను చాలాసార్లు నొక్కి వదలాలి. ఇక నట్టు వంతు. మీ కారు పుస్తకంలో ఎన్ని క్లిక్కులకు పట్టాలని ఉందో అన్నింటికి రెండు చక్రాలూ పట్టాలి, లివర్ పూర్తిగా దించితే రెండూ స్వేచ్ఛగా తిరగాలి. ఇందులో రెండో పరీక్షను నేను ఎక్కువ పట్టించుకుంటాను. పట్టు తక్కువైతే లివర్ లాగగానే తెలిసిపోతుంది, రాపిడి మాడు వాసన వచ్చేదాకా తెలియదు.

అయితే నట్టు మొదట బిగించే సందర్భం లేదా? ఉంది. కొత్త కేబుల్ వేసిన కొన్నాళ్లకు, లైనర్లు బాగున్నాయని ఖాయంగా తెలిసినప్పుడు. ఒక చక్రం పట్టి రెండోది పట్టకపోతే మాత్రం నట్టుతో పని లేదు, ఆ వైపు కేబుల్ తొడుగులో తుప్పుపట్టి బిగుసుకుందేమో చూడాలి. అలాంటి కేబుల్‌కు నూనె పోస్తే కొద్దిరోజులు కదులుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. మార్చేయడమే మేలు.

వెనక డిస్క్ బ్రేకులుంటే లెక్క కొంచెం వేరు. హ్యాండ్ బ్రేక్ దించినప్పుడు క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్కును రెండు వైపులా పట్టే భాగం) మీది లివర్ తన ఆపు దగ్గర ఆనుకుని ఉందో లేదో చూడాలి. ఆనకపోతే కేబుల్ బిగుతుగా ఉందని, లేదా క్యాలిపరే పట్టేసిందని అర్థం. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ బ్రేకుకు ఇంట్లో తిప్పుకునే నట్టు ఉండదు. ప్యాడ్లు మార్చాలన్నా ముందు సర్వీస్ మోడ్‌లో (బ్రేకు మోటారు పూర్తిగా వెనక్కి వెళ్లే స్థితిలో) పెట్టాలి, లేకపోతే లోపలి మోటారు యంత్రాంగం పాడవ్వొచ్చు.

వారాల తరబడి బండి కదలదనుకుంటే, ముఖ్యంగా తడిసిన బండిని, హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేయకండి. లైనర్ డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుపోతుంది. సమతలం మీద ఆపి, గేరులో ఉంచి, టైర్లకు చెక్కలు పెట్టండి. రోజూ వాడే బండికి మాత్రం ప్రతిసారీ లాగడమే మంచిది, కేబుల్ కదులుతూ ఉంటేనే తొడుగులో బిగుసుకోదు.