సిజేరియన్ అయినా డౌలాకు ఇచ్చిన డబ్బు వృథా కాలేదు

గత ఏడాది నా మొదటి కాన్పుకు హైదరాబాద్‌లో ఒక డౌలాను, అంటే కాన్పు వేళ తల్లికి తోడుండే మనిషిని, కుదుర్చుకున్నాను. కాన్పుకు ముందు మూడుసార్లు ఇంటికి రావడం, 38వ వారం నుంచి ఏ వేళ పిలిచినా అందుబాటులో ఉండటం, నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ పుట్టేదాకా పక్కనే ఉండటం, ఇంటికి వెళ్లాక రెండుసార్లు వచ్చి చూడటం, వీటన్నింటికీ కలిపి 40,000 రూపాయలని మాట్లాడుకున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే కాబట్టి, మామూలు కాన్పు అవ్వాలన్న ఆశతోనే ఆమెను పెట్టుకున్నాను. చివరికి నాకూ సిజేరియనే అయింది. అయినా ఆ డబ్బు వృథా అయిందని నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు.

డౌలా అనగానే మా అమ్మ "మంత్రసానా?" అని అడిగింది. మంత్రసాని కాన్పు చేస్తుంది, బొడ్డు కోస్తుంది. డౌలా అవేవీ చేయదు. లోపలి పరీక్ష చేయదు, రక్తపోటు చూడదు, మందులు చెప్పదు, డాక్టరు నిర్ణయానికి అడ్డు రాదు. నొప్పులు పడుతున్న మనిషిని ఒంటరిగా వదలకుండా కనిపెట్టుకుని ఉండటమే ఆమె పని. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడే ఆమె ఈ హద్దులన్నీ కాగితం మీద రాసిచ్చింది. నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది అక్కడే. ఇలా ఎడతెగని తోడు దొరికిన తల్లులను దొరకని తల్లులతో పోల్చిన 26 అధ్యయనాలను, అంటే 15 వేల మందికి పైగా స్త్రీల వివరాలను, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2017లో ఒకచోట చేర్చి పరిశీలించింది. తోడు దొరికినవారిలో సిజేరియన్లు కొంత తగ్గాయని, నొప్పుల సమయం కొంత తగ్గిందని, కాన్పు గురించి చేదు జ్ఞాపకం మిగిలినవారు తక్కువని అందులో తేలింది. ఈ మూడో మాట ఎంత నిజమో నాకు అనుభవం మీదనే అర్థమైంది.

నాకు నొప్పులు రాత్రి పదకొండింటికి మొదలయ్యాయి. బిడ్డ వెన్ను నా వెన్ను వైపు తిరిగి ఉండటంతో నొప్పి అంతా నడుములోనే ఉండేది. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆమె వెనక నిలబడి, రెండు అరచేతులతో నా తుంటి ఎముకలను రెండు వైపుల నుంచీ లోపలికి గట్టిగా అదిమి పట్టేది. అలా అదిమినంతసేపు నొప్పి సగానికి తగ్గినట్టుండేది. తెల్లవారుజామున ఆమె చేతులు వణకడం నాకు తెలుస్తూనే ఉంది, కానీ ఆమె ఆపలేదు. అదెలా పట్టాలో నా భర్తకు చూపించి, అతను పట్టుకున్నప్పుడు మాత్రమే కూర్చుని నీళ్లు తాగింది. అంతవరకు ఏం చేయాలో తోచక మూలన నిలబడిన మనిషికి ఒక పని దొరికింది. డౌలా వస్తే భర్త పాత్ర తగ్గిపోతుందని అనుకునేవారికి నేను చెప్పగలిగేది ఇదే: మా ఇంట్లో జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

పద్నాలుగు గంటల తర్వాత గర్భాశయ ముఖద్వారం తెరుచుకోవడం ఏడు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. బిడ్డ గుండె వేగం తగ్గుతోందని, ఆపరేషన్ చేయాలని డాక్టరుగారు చెప్పారు. డౌలా వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. "ఎందుకు చేయాలంటున్నారో, ఆగడానికి ఎంత సమయం ఉందో, ఆగితే ఏమవుతుందో మీరే అడగండి" అని నా చెవిలో చెప్పింది. అడిగాను. డాక్టరుగారు ఓపికగా వివరించారు. సంతకం పెట్టేటప్పుడు నా చేయి వణికింది కానీ, ఎందుకు పెడుతున్నానో నాకు తెలుసు. ఆపరేషన్ గదిలోకి ఆమెను రానివ్వలేదు. గంటన్నర తర్వాత పాపను నా దగ్గరకు తెచ్చినప్పుడు ఆమె అక్కడే ఉంది. కుట్ల మీద బరువు పడకుండా పాపను నా చంక కింద పక్కవాటుగా పెట్టి, ముర్రుపాలు పట్టించింది.

పదకొండో రోజున ఆమె చేసిన పని ఇంకా గొప్పదనిపిస్తుంది. బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదని మా అమ్మ గట్టి పట్టుదల. నాకేమో పాలిచ్చిన ప్రతిసారీ నోరు ఎండిపోయేది. ఆమె అమ్మతో వాదించలేదు. "అమ్మగారూ, మీ కాన్పులప్పుడు మీకు ఎవరు చేశారు?" అని అడిగి, అరగంట సేపు విన్నది. చివర్లో, పాలిచ్చే ముందు గోరువెచ్చని వాము నీళ్లు ఇవ్వవచ్చునా అని అమ్మనే అడిగింది. ఆ సాయంత్రం నుంచి నా మంచం పక్కన ఎప్పుడూ ఒక చెంబు నిండుగా ఉండేది. కాయం ముద్దా ఆగలేదు, పథ్యమూ ఆగలేదు.

లోపాలూ ఉన్నాయి. కాన్పు తర్వాత రెండే సందర్శనలు చాలవు. మూడో వారంలో కారణం లేకుండా ఏడుపు వచ్చిన రోజుల్లో నేను పంపిన సందేశానికి ఆమె జవాబు మర్నాటి మధ్యాహ్నం గాని రాలేదు. జవాబిచ్చినప్పుడు మాత్రం, కాన్పయి రెండు వారాలు దాటినా ఏడుపు తగ్గలేదు కాబట్టి డాక్టరుకు చెప్పాల్సిందేనని స్పష్టంగా చెప్పింది. ఈ పనికి మన దేశంలో ప్రభుత్వ లైసెన్సు లేదు కనుక, ఎక్కడ శిక్షణ పొందారో, ఎన్ని కాన్పులకు తోడున్నారో, తాము రాలేకపోతే బదులు ఎవరొస్తారో ముందే అడగాలి. ఆసుపత్రితోనూ ముందే మాట్లాడుకోవాలి. కోరుకున్న తోడు ప్రతి తల్లికీ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసినా, మా ఆసుపత్రిలో ముందుగా అనుమతి తీసుకున్నా, ఆ రాత్రి సిబ్బంది ఆమెను అరగంట బయటే నిలబెట్టారు. నాకు అన్నింటికన్నా పొడుగ్గా అనిపించింది ఆ అరగంటే.

మా చెల్లికి ఇప్పుడు ఆరో నెల. ఇదే డౌలాను ఇప్పుడే కుదుర్చుకోమని, కాన్పు తర్వాత సందర్శనలు రెండు కాకుండా నాలుగు ఉండేలా మాట్లాడుకోమని చెప్పాను.